గిర్రుబాబు మోటారు

ఇంకా రాలేదు మెకానిక్కు. వస్తాడులే అనుకున్నాడు గిర్రుబాబు, అనుకున్న వెంటనే నాలిక్కరుచుకున్నాడు. వస్తాడేమిటి, వస్తారు. ఇవాళ్టి నుంచి మనసులో కూడా వస్తారనే అనుకోవాలి. ఇంకాసేపట్లో ఆ ఆకుపచ్చ తలుపు అవతల, రిజిస్ట్రారు గారి బల్ల ముందు, రెండు సంతకాలు పడ్డాయంటే ఇన్నాళ్ళూ ఏవయ్యా, ఏంటయ్యా అని పిలిచిన కెమెరా మెకానిక్కు తనకి సాక్షాత్తూ బావగారైపోతారు. బావగారు. ఆ మాటని పైకి రాకుండా పెదవుల మధ్యే ఒకసారి అని చూసుకున్నాడు. కొత్త చెప్పుల్లా ఎక్కడో కరుస్తోంది. తనకి యాభై దాటింది, అక్కకి అరవై దాటింది, ఈ వయసులో బావ అనే వరసకి కొత్తగా నోరు తిరగాలంటే మాటలా. చిన్నప్పుడైతే వేరు, బావ అంటే భుజాల మీద ఎక్కించుకుంటాడు, జేబులోంచి బిళ్ళలు తీసిస్తాడు, ఇప్పుడీయన్ని తనేం అడుగుతాడు, బిళ్ళలా? ఎదురు బెంచీ మీద అక్క లేతనీలం శాలువా కప్పుకుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, వెన్ను నిటారుగా కూర్చుంది, టెలిఫోను ఎక్స్‌చేంజిలో బోర్డు ముందు కూర్చున్నట్టే. పెళ్ళికూతురన్న ఆదుర్దా ఏ కోశానా లేదు. ఆదుర్దా అంతా గిర్రుబాబుకే ఉంది, దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు, ఎందుకంటే ఆదుర్దా అన్నది అతనికి ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉంటుంది, నల్లగా, బరువుగా, కింద మోటారు బిగించి ఉంటుంది.

రేంజ్‌ఫైండర్ కెమెరా అది. చేతికి ఒదిగినట్టుంటుంది, లోపల అద్దం ఎగిరిపడే బాపతు కాదు, నొక్కితే చిటిక వేసినంత కూడా వినపడదు. నాటకాలకి ఫోటోలు తీసేవాడికి అంతకన్నా ఏం కావాలి, తెర పక్కన చీకట్లో నిలబడి, రంగస్థలం మీద తల్లి ఏడుస్తుంటే ఆ ఏడుపుకి అడ్డం రాకుండా తీసుకోవచ్చు. కాకపోతే ప్రతి ఫోటో తర్వాతా రీలు ఒక గడి ముందుకి జరపాలి, దానికి పైన చిన్న మీట, ఆ మీటకి కుడిచేతి బొటనవేలు. సగం జన్మంతా మీట లాగీ లాగీ అతని బొటనవేలి కీలు అరిగిపోయింది. డాక్టరు ఆ వేలిని అటూ ఇటూ వంచి, గిర్రుబాబు కేక పెడితే తృప్తిగా తలూపి, ఇక దీంతో పని చెయ్యకూడదు అన్నాడు, ఏదో వయసొచ్చిన ఎద్దు గురించి చెప్పినట్టు. అప్పుడొచ్చింది మోటారు. కెమెరా అడుగున బిగిస్తే చాలు, నొక్కగానే తనే గిర్రుమని రీలు జరుపుతుంది. గిర్రుమనడం దగ్గరే వచ్చింది చిక్కు. చప్పుడు లేని కెమెరా అని ఏరికోరి కొనుక్కుని, దాని కిందికి మిక్సీ తగిలించినట్టయింది. నాటకం వాళ్ళు మొదటి ప్రదర్శనకే నామకరణం చేసేశారు. అసలు పేరేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, కరెంటాఫీసు వాడు కూడా గిర్రుబాబు గారిల్లిదేనా అనే అడుగుతాడు. భార్య మాత్రం మోటారుని సవతి అంటుంది. అది ఊరికే అనేది కాదు, బల్ల మీద దాన్ని పెట్టిన చోట ఇంకేదీ పెట్టదు, తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచి వదిలేస్తుంది, ఆ నల్లటి గుండ్రాన్ని చూసి వచ్చినవాళ్ళు ఇదేం మచ్చ అని అడిగితే, ఆవిడగారి స్థానం అంటుంది.

అంత స్థానం ఇచ్చినా ఆవిడగారు చేసిందేమిటి. బుద్ధి పుడితే తిరుగుతుంది, పుట్టకపోతే తిరగదు. చలేస్తే తిరగదు. ఒక్కోసారి సగం గడే జరిపి ఆగిపోతుంది, అప్పుడు రాజుగారి మొహం మీద మంత్రిగారి పాదాలొచ్చి పడతాయి. ఒక్కోసారి రెండేసి గడులు జరిపేస్తుంది, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీల్లోనే మంచి ఫోటోలన్నీ ఉండి ఉంటాయని గిర్రుబాబు నమ్మకం. ఇక ఆ రాజుగారు చచ్చిపోయే నాటకంలో అయితే చెప్పనే అక్కర్లేదు. రాజు పడిపోయాడు, రాణి పక్కన కూలబడింది, దర్శకుడు అక్కడ నిశ్శబ్దం రాసుకున్నాడు, పేజీలో సగం నిశ్శబ్దం, హాలంతా ఊపిరి బిగబట్టింది, గిర్రుబాబు ఒక్కసారి, ఒకే ఒక్కసారి నొక్కాడు. మోటారు మొదలెట్టింది, ఆగలేదు. వేలు తీసేశాడు, ఆగలేదు. స్విచ్చి కట్టేశాడు, వినలేదు. చొక్కాలో దాచుకున్నాడు, పొట్ట మీద అది గిర్రుమంటూ ఉంటే నవ్వొస్తుందేమోనని భయం వేసింది, రీలు చివరిదాకా లాగేసి, లాగడానికింకేం లేక రీలు పక్క చిల్లులు పరపరా చింపుకుంటూ తిరుగుతూనే ఉంది. చచ్చిపోయిన రాజుగారు పళ్ళ బిగువున ఆపరా అన్నారు. అది ముందు వరసకి వినపడింది కూడా. మర్నాడు పేపరులో సమీక్షకుడు, రాజు మరణవేళ విధి యంత్రం తిరుగుతున్న ఆ ధ్వని ఒళ్ళు జలదరింపజేసింది, ఇంతటి సూక్ష్మమైన ఊహ ఈ మధ్యకాలంలో చూడలేదు అని రాశాడు. దర్శకుడు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని ఉరుకుల మీద వచ్చి, ఇక ప్రతి ప్రదర్శనకీ సరిగ్గా అక్కడ ఆ చప్పుడు రావాల్సిందేనని పట్టుబట్టాడు. వచ్చిందా? ఎందుకొస్తుంది. రెండో ప్రదర్శనలో రాజు చచ్చిపోయి, చెవులు రిక్కించుకుని, ఒక కన్ను కొంచెం తెరిచి గిర్రుబాబు వైపు చూస్తూ పడుకున్నాడు, గిర్రుబాబు నొక్కుతున్నాడు, మోటారు చిన్నమెత్తు చప్పుడు చేస్తే ఒట్టు.

"ఏవండీ, బ్యాటరీలు చూసుకున్నారా?" అంది భార్య, గోడ మీద నోటీసులు చదవడం మధ్యలో ఆపి. అక్క పెట్టిందిలే అన్నాడు. బ్యాటరీల పని ఎప్పుడూ అక్కదే. మోటారు అడుగు మూతని నాణెంతో గట్టిగా తిప్పాలి, ఆ తిప్పడం ఈ బొటనవేలి వల్ల కాదు, భార్య సవతిని ముట్టుకోదు, కాబట్టి అక్క. అమ్మ పోయాక తనకి బూట్లు తొడగడం, తాళ్ళు ముడెయ్యడం, స్కూలుకి తీసుకెళ్ళడం చేసిన అక్కే ఇప్పుడు బ్యాటరీలూ వేస్తుంది, అందులో వింతేముంది. చెవులకి ఫోను తగిలించుకుని అక్క ఊళ్ళోవాళ్ళందరినీ ఊళ్ళోవాళ్ళందరితో కలిపింది, లైన్లో ఉండండి, లైన్లో ఉండండి అంటూ. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళతోనూ ఇంచుమించు అదే అనేది. ఒకాయనైతే పాపం చాలాకాలం లైన్లో ఉండి ఉండి, చివరికి పెట్టేశాడు. తమ్ముడి చదువయ్యాక అంది, తమ్ముడి ఉద్యోగమయ్యాక అంది, తమ్ముడు ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకు తిరుగుతుంటే వీడు కుదురుకున్నాక అంది. వీడు కుదురుకోలేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ గిర్రుబాబుకి తెలుసు, అద్దంలో గడ్డం గీసుకునేటప్పుడు ఎప్పుడైనా గుర్తొచ్చి బ్లేడు ఆగుతుంది.

మోటారు మొట్టమొదట పాడైనప్పుడు కూడా అక్కే, నేనటే వెళ్తున్నాగా, ఇచ్చేస్తాలే అంది. తాళంచెవులు చేసే కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కితే, కిటికీ పక్కన ఆ మెకానిక్కు కూర్చుని ఉంటాడు, ఉంటారు, ఒక కంటికి భూతద్దం బిగించుకుని. బల్ల మీద విప్పేసిన కెమెరాలు కబేళాలోలా పరుచుకుని ఉంటాయి. మనిషి మాట తక్కువ. ఏవయ్యా ఎన్నాళ్ళు పడుతుంది అంటే, చూడాలండీ అంటాడు. ఏమైందయ్యా దీనికి అంటే, చూశానండీ అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఎక్కడో అక్క ఒక జీవితానికి సరిపడా సంభాషణ వెతుక్కుందంటే అది టెలిఫోనులో పనిచేసినవాళ్ళకే చెల్లు, మాట్లాడని లైను ఎంతసేపైనా వినగలరు. అక్క ఇచ్చి వచ్చేది, తీసుకొచ్చేది. పని చేసేది. కొన్నాళ్ళకి మళ్ళీ ఆగేది. నేనటే వెళ్తున్నాగా అనేది అక్క. పాపం ఎంత ఓపిక అనుకునేవాడు గిర్రుబాబు, అటు ఏముందో, అక్క ఎందుకు అటే వెళ్తోందో ఒక్కసారి అడిగాడా, లేదు. ఒకరోజు అన్నం తింటూ, కూర కొంచెం వేసుకుని, అక్క అంది, తమ్ముడూ, నేనూ ఆ కెమెరాలాయనా పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం రా. అప్పుడు గిర్రుబాబు నోట్లోంచి వచ్చిన మొదటి మాట, మరి మోటారు? అని. భార్య అతని వైపు చూసిన చూపు ఇప్పటికీ ఒంటి మీద ఎక్కడో అంటుకునే ఉంది.

ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాడు గానీ, అంత తప్పా? నీడలా ఒకటి వెంటబడి ఉంది మోటారు విషయంలో. ఆ పెద్దావిడ ఆఖరి నాటకం. జీవితమంతా తల్లి వేషాలే వేసింది, ఎంతమందికి తల్లయిందో లెక్కలేదు, ఆ రోజుతో మానేస్తానంది. తెర పడేముందు వెనక్కి నడిచి వెళ్తూ ఆగింది, ఎవరూ చెప్పకుండానే ఆగింది, తిరిగి ఖాళీ కుర్చీని చూసింది, అది నాటకంలో లేదు, చేత్తో ఆ కుర్చీ వీపు నిమిరింది. గిర్రుబాబుకి వెనక్కి నడుస్తున్న ఫోటో ఒక్కటి దక్కింది, వీపు. తర్వాత నొక్కితే లోపల టక్కుమని ఏదో విరిగినట్టయి మోటారు బిగుసుకుపోయింది, మీట కూడా దాంతో పాటే బిగుసుకుంది, అతను కెమెరాని తొడ మీద కొట్టాడు, ఎడంచేత్తో లాగాడు, తల ఎత్తేసరికి తెర పడిపోయింది. ఫోటోలేవి బాబూ అని ఆవిడ కబురు పంపింది. ఆ తర్వాత ఆవిడ వీధి చివర కనపడితే చాలు, గిర్రుబాబు పక్క సందులోకి దూరేవాడు, ఒకసారి అలా దూరి ఎవరిదో ఇంట్లోకే వెళ్ళిపోయి, ఏం కావాలండీ అంటే మంచినీళ్ళడిగి తాగొచ్చాడు. ఒకే ఒక్క పని చేతనవును తనకి, ఎవరూ చూడనిది చూసి పట్టుకోవడం, ఆ పనే చెయ్యలేకపోయాడు.

మరి ఈ మధ్య ఎంత బుద్ధిగా తిరుగుతోంది ఇది, అనుకున్నాడు, మోటారుని నిమురుతూ. పెళ్ళి ఖాయమైన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదు. చలిలో తిరిగింది, వానలో తిరిగింది, రీలు చివర మర్యాదగా తనే ఆగింది. చెయ్యి నిమరడం మానేసింది. పెళ్ళి ఖాయమైన దగ్గర్నుంచీ. అంతకుముందు? అంతకుముందు పండు రాలినట్టు పాడయ్యేది, పైగా మొదట్లోలా పిచ్చెత్తినట్టు తిరగడం, చింపడం లేదు, ఊరికే, నిద్రపోయినట్టు ఆగిపోవడం, చక్కగా, శుభ్రంగా, ఏ రోగమూ లేని చావు. తీసుకెళ్తే బాగయ్యేది. తెస్తే కొన్నాళ్ళు. మళ్ళీ. ఏమైందయ్యా అంటే చూశానండీ. చూశాడు! చూశాడట! గిర్రుబాబుకి చెవులు వేడెక్కాయి. భూతద్దం వెనక ఆ పిల్లి కన్ను. అరకొరగా బాగుచేసి పంపించడం, అక్కని రప్పించుకోవడం, మళ్ళీ అరకొరగా. తన బొటనవేలితో, తన నాటకాలతో, తన అన్నంతో ఆడుకుని, ఆ పెద్దావిడ కుర్చీని నిమిరిన చేతిని కూడా మింగేసి, ఇప్పుడొచ్చి దర్జాగా బావగారవుతాడా? అవుతాడు, అవుతారు కాదు. అందుకేనేమో రాలేదు, మొహం చెల్లక. రానీ. రాకపోతే అక్క మొహం? అక్క శాలువా అంచుని సర్దుకుంటోంది. ఇప్పుడు చెప్పాలా, పెళ్ళయ్యాక చెప్పాలా, అసలు చెప్పకూడదా, చెప్పకపోతే తనేం తమ్ముడు, చెబితే తనేం మనిషి.

సరిగ్గా అప్పుడు మెట్ల మీంచి వాచ్‌మన్ రొప్పుకుంటూ వచ్చి, లిఫ్టు మధ్యలో ఇరుక్కుందండీ, లోపల ఒకాయన ఉన్నాడు, మనిషిని పిలిపిస్తానంటే వద్దంటాడు, స్క్రూడ్రైవర్ నా జేబులోనే ఉందంటాడు, ఎవరి తాలూకు అన్నాడు. అక్క లేచి నిలబడి, "మా తాలూకే," అంది. పాతకాలపు జాలీ తలుపుల లిఫ్టు అది, ఈ అంతస్తు నేలకి భుజాల ఎత్తు కిందే ఆగిపోయింది, జాలీలోంచి వంగి చూస్తే పెళ్ళికొడుకు తల, భుజాలు, పైకప్పు పలక తీసేసి మోచేతుల దాకా లోపలికి పెట్టిన చేతులు కనపడ్డాయి. బూడిదరంగు కోటు వేసుకున్నారు, కోటు కఫ్‌లు అప్పటికే నల్లగా గ్రీజయ్యాయి. అక్క వంగకుండా నిలబడే, ఎంతసేపు అంది. చూడాలండీ అన్నారు కింద నుంచి. లైన్లో ఉండండి అంది అక్క, పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటూ, లోపల రిజిస్ట్రారు గారు కాగితాలు సరిచూసుకుందాం రమ్మంటే మరదలిని వెంటబెట్టుకుని వెళ్ళింది. లిఫ్టు దగ్గర గిర్రుబాబు ఒక్కడే మిగిలాడు. ఇంతకన్నా మంచి అవకాశం జన్మలో రాదు, మనిషి పారిపోలేడు, తలుపు వెయ్యలేడు, కాళ్ళు కూడా కనపడట్లేదు. మోకాళ్ళు కటకటమంటుంటే గొంతుక్కూర్చున్నాడు, అలా కూర్చుంటే కోపం సగం తగ్గిపోతుందని కూర్చున్నాక గానీ తెలియలేదు.

"మెకానిక్ గారూ," అన్నాడు.

"అయిపోవచ్చిందండీ. ఒక్క స్ప్రింగు."

"లిఫ్టు సంగతి కాదు. నా మోటారు సంగతి."

లోపల చప్పుడు ఆగింది. "మళ్ళీ ఆగిందా?"

"ఆగట్లేదు. అదే అడుగుతున్నా, పెళ్ళి ఖాయమైన దగ్గర్నుంచీ ఎందుకు ఆగట్లేదు?"

మెకానిక్కు చేతులు కిందికి దించారు. కోటుకి తుడుచుకోబోయి, గుర్తొచ్చి, గాల్లోనే పట్టుకున్నారు. ముందు నిజంగానే పాడైందండీ, అన్నారు మెల్లిగా. స్విచ్చి లోపల తుప్పు, అది గీకేశాను. తర్వాత ఒకసారి క్లచ్చి జారింది, అదీ చేశాను. ఆ తర్వాత దానికే రోగమూ లేదు. మరెందుకు ఆగేది అని గిర్రుబాబు అడగబోతుంటే ఆయనే చెప్పారు.

"నాలుగు బ్యాటరీల్లో ఒకటి తిరగేసి ఉండేది. సరిగా పెట్టి ఇచ్చేవాణ్ని."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే ఆవిడ మళ్ళీ ఎందుకొస్తారండీ?"

ఎవరు తిరగేశారు అన్న ప్రశ్న గిర్రుబాబు నాలిక చివరిదాకా వచ్చి, అక్కడ నిలబడి, తనలో తనే జవాబు చూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నాణెంతో మూత తిప్పే చెయ్యి ఇంట్లో ఒక్కటే. బూట్లు ఎప్పుడూ కుడీ ఎడమా తప్పకుండా తొడిగిన చెయ్యి, వేల లైన్లు ఒక్కటీ తప్పు కలపని చెయ్యి. అక్క! కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఎంత శ్రద్ధగా, ఒక బ్యాటరీ ఇటు, ఒకటి ఇటు, ఒకటి ఇటు, ఒకటి అటు. మర్నాడు తను హాల్లో నిలబడి అరచేత్తో మోటారుని బాదుకుంటుంటే అక్క ఇంట్లో తల దువ్వుకుంటూ ఉండి ఉంటుంది, నేనటే వెళ్తున్నాగా అనడానికి. కోపం రావాలి కదా, కోపం కోసం లోపల అంతా వెతికాడు, ఒకచోట మాత్రం దొరికింది. ఆ పెద్దావిడ. ఆ పెద్దావిడ ఆఖరి నాటకం రోజు కూడానా అని అడిగాడు.

కాదండీ, అన్నారు మెకానిక్కు వెంటనే, ఇంతకుముందెన్నడూ ఆయన అంత తొందరగా ఏ జవాబూ చెప్పలేదు. ఆ రోజు పళ్ళచక్రం విరిగింది, అది నిజం. మర్నాడు పొద్దున్నే మీ అక్కగారు మెట్లెక్కి వచ్చి బల్ల మీద మోటారు పెట్టి, మూత తనే విప్పి, బ్యాటరీలు నాకు చూపించారు. అన్నీ సరిగానే ఉన్నాయి చూడు అన్నారు. అంతకుముందు నన్ను ఎప్పుడూ మీరు అనేవారు, ఆ రోజు నువ్వు అన్నారు. నా తమ్ముడి పని పోయింది, వాడు అన్నం తినలేదు, ఇది బాగుచెయ్యడం చేతకాకపోతే చేతకాదని చెప్పు, వాడికి ఇంకొకటి కొంటాను అని కొట్టు అదిరిపోయేలా కేకలేశారు, కింద తాళాలాయన పైకొచ్చి చూశాడు. తర్వాత అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చారు. చక్రం బజారులో దొరకదు, నేనే అరగదీసి తయారుచేశాను, చేసినంతసేపూ ఆవిడ అక్కడే ఉన్నారు. "మేం నిజంగా మాట్లాడుకున్నది అప్పుడేనండీ. అంతకుముందంతా ఎండల గురించీ, వానల గురించే," అన్నారు.

అన్నం తినలేదన్న సంగతి గిర్రుబాబుకే గుర్తులేదు. తిన్నాననే అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. పళ్ళెం ముందు కూర్చున్నాడు, లేచాడు, మధ్యలో తిని ఉంటాననుకున్నాడు, అక్క చూసిందన్నమాట. అందరి మాటల్లోకీ చెవి పెట్టి, ఎవరి మాటా పైకి చెప్పని ఉద్యోగం అక్కది, తన గురించి ఇలా ఒకరి ముందు స్టూలు మీద కూర్చుని చెప్పుకుందంటే, చెప్పుకోగలిగిన మనిషి దొరికాడంటే, దొరికారంటే. మోకాళ్ళు నొప్పెడుతున్నా లేవబుద్ధి కాలేదు. మీకు తెలిసినట్టు అక్కకి తెలుసా అని అడిగాడు, బ్యాటరీ సంగతి. మెకానిక్కు ఆలోచించి, ఆ మాట మా మధ్య ఇంతవరకూ రాలేదండీ, అన్నారు, అని మళ్ళీ చేతులు పైకి పెట్టారు. ఏదో క్లిక్కుమంది. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి పైకి లేచింది, పెళ్ళికొడుకు తల గిర్రుబాబు బూట్ల దగ్గర్నుంచి మోకాళ్ళకీ, మోకాళ్ళ దగ్గర్నుంచి మొహానికీ, మొహం దాటి ఇంకా పైకీ వెళ్ళింది, ఎందుకంటే గిర్రుబాబు ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు. లేవలేకపోయాడు. మెకానిక్కు గ్రీజు చెయ్యి చాచారు.

"ఉండండి బావగారూ, నా చొక్కా," అన్నాడు గిర్రుబాబు, అన్నాక గానీ ఏమన్నాడో చూసుకోలేదు.

రిజిస్ట్రారు గారి గదిలో కిటికీ పెద్దది, వెలుతురు మెత్తగా పడుతోంది, గిర్రుబాబుకి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి వెలుతురు హాళ్ళలో వెయ్యి దీపాలు పెట్టినా రాదు. అక్క కుర్చీలో, పక్కన మెకానిక్కు, గ్రీజంటిన చేతులు బల్ల కింద దాచుకుని. సాక్షులు తనూ భార్యా. రిజిస్ట్రారు పొడుగాటి మనిషి, జలుబు చేసినట్టుంది, ప్రశ్న అడిగి ముక్కు తుడుచుకుని జవాబు వింటున్నాడు. ఇష్టపూర్వకంగానేనా అన్నాడు. ఆఁ అన్నారు మెకానిక్కు. ఇష్టపూర్వకంగానేనా అమ్మా అన్నాడు. అక్క సమాధానం చెప్పేముందు ఒక్క క్షణం ఆగింది, ఆ క్షణంలో ఆమె మొహం మీదికి ఏదో వచ్చింది, గిర్రుబాబు ఇంతవరకూ చూడనిది, ఈ మొహం పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాడు కదా, ఎక్కడ దాచిందిన్నాళ్ళూ. నొక్కాడు. మెత్తగా పడింది ఫోటో. దక్కింది, అనుకున్నాడు, ఆ తర్వాత రావలసిన గిర్రు కోసం ఎదురుచూశాడు.

రాలేదు. ఇంకోసారి నొక్కాడు. స్విచ్చి అటూ ఇటూ వేశాడు. రిజిస్ట్రారు జేబురుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని చూస్తున్నాడు. కలం పట్టుకుని సంతకానికి వంగిన మెకానిక్కు, గంట కొట్టిన చప్పుడుకి లేచినట్టు, అలవాటుగా కుర్చీలోంచి సగం లేచి చెయ్యి చాచారు. భార్య అక్క వైపు చూసింది. భార్యకెలా తెలుసు? ఆవిడకి ఎప్పట్నుంచి తెలుసు? గిర్రుబాబు అక్క వైపు చూశాడు. మెకానిక్కు, చెయ్యి చాచే ఉంచి, ఆయన కూడా అక్క వైపే చూశారు. ముగ్గురూ చూస్తున్నారు కాబట్టి రిజిస్ట్రారు కూడా చూశాడు.

అక్క ముగ్గురి మొహాలూ వరసగా చదివింది, ముందు తమ్ముడిది, తర్వాత మరదలిది, ఆఖర్న పెళ్ళికొడుకుది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఒట్టు. ఈసారి నేను కాదు," అంది.

ముందు మెకానిక్కు నవ్వారు. నవ్వుతారని గిర్రుబాబు అనుకోనే లేదు, చూశానండీ, చూడాలండీల మనిషి, గ్రీజు చేతులతో బల్ల అంచు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. భార్య గోడ వైపు తిరిగింది గానీ భుజాలు ఆగట్లేదు. గిర్రుబాబు మూత విప్పమని మోటారు అక్కకిచ్చాడు, అక్క నాణెం తీసి తిప్పింది, బ్యాటరీలు నాలుగూ ఎక్కడివక్కడ బుద్ధిగా ఉన్నాయి. నిజంగానే పాడైంది. ఉత్త, మామూలు, ఎవరి ప్రమేయమూ లేని పాడు. నేను చూస్తాను అని మెకానిక్కు జేబులో స్క్రూడ్రైవర్ వెతుక్కోబోతే, అక్క ఆయన మోచెయ్యి పట్టి కిందికి లాగింది. "కూర్చోండి. సంతకం పెట్టి చూద్దురుగాని." అమ్మా, నాకింకా రెండు జంటలున్నాయి అన్నాడు రిజిస్ట్రారు, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

అలా అని ఫోటోలు మానేస్తామా. గిర్రుబాబు కెమెరా కంటికి ఆనించుకుని బొటనవేలిని మీట మీద పెట్టాడు, లాగబోయాడు, మొహం వంకర్లు పోయింది. ఆ మొహాన్ని అక్క చూసింది. లేచి వచ్చింది, కెమెరా అతని కంటి దగ్గర్నుంచి తియ్యకుండానే తన బొటనవేలు పెట్టి మీట సర్రుమని లాగింది, ఊఁ తియ్యి అని వెనక్కి పరిగెత్తింది. అతను నొక్కాడు. ఆమె సంతకం పెట్టింది, కలం వదిలేసి మళ్ళీ వచ్చింది, లాగింది, వెళ్ళింది. మెకానిక్కు సంతకం, అక్క వచ్చింది, వెళ్ళింది. సాక్షి సంతకానికి భార్య వంగింది, అక్క వచ్చింది, శాలువా భుజం మీంచి జారిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. గదిలో ఇప్పుడు ఒక్క మీట చప్పుడు, అక్క చెప్పుల చప్పుడు. రిజిస్ట్రారు ప్రతిసారీ ఆవిడ కూర్చునేదాకా ఆగి, ఆవిడ లేవగానే ముక్కు తుడుచుకున్నాడు.

రీలు కడిగించాక చూస్తే మొదటి ఫోటో తప్ప ఏ ఒక్కదానిలోనూ పెళ్ళికూతురు కుదురుగా కూర్చుని లేదు. ఒకదాంట్లో కుర్చీ మీదికి సగం వాలి ఉంది, ఒకదాంట్లో ఒక కాలు గాల్లో ఉంది, ఒకదాంట్లో నీలం మసక తప్ప ఏమీ లేదు. మెకానిక్కు మాత్రం అన్నిట్లోనూ స్పష్టంగా పడ్డారు. ఏ ఒక్కదాంట్లోనూ కెమెరా వైపు చూడట్లేదు, కాగితాల వైపూ చూడట్లేదు, ఆవిడ ఎటు నుంచి వస్తోందో అటే చూస్తున్నారు.